కొండవాలు ఇంటి స్థలంలో రిటైనింగ్ వాల్: నేల పరీక్ష గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, సీతారామపురం వైపు వెలికొండల పాదంలోనూ, ప్రకాశం ప్రాంతంలో కనిగిరి, గిద్దలూరు వంటి చోట్ల కొండను ఆనుకుని పెరిగిన వీధుల్లోనూ ఇల్లు కట్టుకునేవారు ముందు జేసీబీతో వాలును చెక్కి స్థలాన్ని చదును చేయిస్తారు, ఆ తరువాత మట్టి జారిపడకుండా ఆపేందుకు చెక్కిన ముఖానికి అడ్డంగా రాతిగోడ (రిటైనింగ్ వాల్) లేవదీస్తారు. గోడ మందం మేస్త్రీ అనుభవాన్ని బట్టి, పునాది లోతు చేతిలో ఉన్న డబ్బును బట్టి నిర్ణయమవుతాయి. వెనక ఉన్న నేల ఎలాంటిదో, కార్తీక మాసపు వానల్లో అది ఏమవుతుందో తెలుసుకున్న తరువాత గోడ గీసినవారు తక్కువ. నేల పరీక్షలు చేయించే పనిలో ఉన్నందువల్ల నన్ను ఇంటి యజమానులు పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను.

మన జిల్లాల్లో కొండచరియలు విరిగిపడటం నిజంగా ఉందా?

హిమాలయాల్లోనో, పడమటి కనుమల్లోనో జరిగినట్లు ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయే పరిస్థితి ఇక్కడ లేదు. మన దగ్గర ప్రమాదం చిన్నది, కానీ ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. సహజంగా వేల ఏళ్ళ నుంచి నిలిచి ఉన్న వాలు పాదాన్ని మనమే నరికి, పైన మట్టి పోసి, ఆ మట్టిలోకి నీటిని వదిలినప్పుడు అది జారుతుంది. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండ రాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు, అది కూడా వానల్లో, కొండను ఆనుకుని ఉన్న ఇళ్ళ మీదే.

నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది, అదీ వాయుగుండాలతో, తుఫానులతో వరుసగా మూడు నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా పడుతుంది. 2021 నవంబరు వానలు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫాను చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎనిమిది నెలలు ఎండి గట్టిగా కనిపించిన నేల ఆ నాలుగు రోజుల్లో పూర్తిగా నానిపోతుంది. అందువల్ల గోడను మే నెలలో చూసిన నేల కోసం కాకుండా నవంబరులో నానిన నేల కోసం గీయాలి.

గోడను కాస్త మందంగా, బలంగా కడితే సరిపోదా? మట్టి పరీక్షకు పెట్టే డబ్బు సిమెంటులో పెట్టవచ్చు కదా?

ఈ ప్రశ్న అడగనివారు లేరు, కాబట్టి ఒక లెక్కతోనే చెబుతాను. మూడు మీటర్ల ఎత్తున్న గోడ వెనక సాధారణమైన ఇసుక కలిసిన గరుసు నేల ఉందనుకుందాం. దాని అంతర్గత ఘర్షణ కోణం (మట్టి రేణువులు ఒకదాని మీద ఒకటి జారకుండా నిలిచే గుణానికి కొలత) 30 డిగ్రీలు, ఘనపు మీటరు బరువు 18 కిలోన్యూటన్లు అనుకుంటే, పొడిగా ఉన్నప్పుడు గోడ మీద ప్రతి మీటరు పొడవుకు సుమారు 27 కిలోన్యూటన్ల తోపుడు, అంటే దాదాపు 2.7 టన్నుల బరువు అడ్డంగా నెట్టినట్లు ఉంటుంది. అదే నేలలో నీరు గోడ పైఅంచు దాకా నిలిచిపోతే మట్టి తోపుడు 15 కిలోన్యూటన్లకు తగ్గుతుంది కానీ, దానికి ఒక్క నీటి తోపుడే మరో 44 కిలోన్యూటన్లు కలుస్తుంది. మొత్తం 59. గోడ అదే, మట్టి అదే, రెండింతలకు మించిన బరువు నీటి వల్ల వచ్చింది. గోడ వెనక నేల సమతలంగా కాకుండా 20 డిగ్రీల వాలుతో పైకి లేస్తూ ఉంటే పొడి నేలలో కూడా తోపుడు సుమారు నాలుగో వంతు పెరుగుతుంది.

ఎత్తు సంగతి ఇంకా కఠినం. గోడ ఎత్తు రెండింతలైతే తోపుడు నాలుగింతలు, గోడను బోర్లా పడేయాలని చూసే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. అందుకే ఒకటిన్నర మీటరు గోడ కట్టి మెప్పు పొందిన మేస్త్రీ అదే పద్ధతిలో మూడు మీటర్ల గోడ కడితే నిలవకపోవచ్చు. ఇందులో ఆయన పనితనాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఆ లెక్క కంటితో అంచనా వేయగలిగేది కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నేల గోడను నెట్టి పడేయడం ఒక్కటే ప్రమాదం కాదు. జారే పొర గోడ పునాది కింది నుంచి పోతూ ఉంటే గోడ ఎంత మందంగా ఉన్నా, ఇల్లూ గోడా వాలూ కలిసి ఒకే ముద్దగా కిందికి దిగుతాయి. అలాంటి పొర ఉందో లేదో సిమెంటు చెప్పదు, నేలలోకి దిగి చూడవలసిందే.

ఇంజనీరును పిలిచే ముందు నేనే చూసుకోగలిగిన గుర్తులు ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, పైగా వాటిని అక్కడే నివసించేవారు చూసినంత బాగా ఒక పూట వచ్చి వెళ్ళే ఇంజనీరు చూడలేడు. స్థలం పైభాగంలో నేల మీద నెలవంక ఆకారంలో పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. వేసవిలో నల్లరేగడి నేల పగలడం వేరు, వాలుకు అడ్డంగా ఒకే గీతలా పగిలి, కింది అంచు పై అంచుకన్నా వేలెడు దిగి ఉండటం వేరు. వాలు మీద ఉన్న వేపచెట్లు, తుమ్మచెట్లు మొదలు దగ్గర విల్లులా వంగి తరువాత నిటారుగా లేచి ఉంటే, ఆ నేల కొన్నేళ్ళుగా మెల్లగా పాకుతోందని అర్థం కావచ్చు. ఒరిగిన కరెంటు స్తంభాలు, పాదం దగ్గర పొట్టలా ఉబ్బిన నేల, బిగుసుకుపోయి మూసుకోని తలుపులు కూడా గమనించదగినవే. ఎండాకాలంలో కూడా వాలు మధ్యలో ఒకచోట తుంగ పచ్చగా మొలిచి ఉందంటే అక్కడ ఊట ఉంది, దానిని మొదటి ఫొటోలోనే ఇంజనీరుకు పంపండి.

చుట్టుపక్కల పెద్దవారిని తప్పకుండా అడగండి. ఇళ్ళు రాకముందు ఆ చోట వంక పారేదా, ఎవరైనా గ్రావెల్ తవ్వి తీసుకుపోయి ఆ గుంతను చెత్తతో పూడ్చారా అన్నది డెబ్బై ఏళ్ళ మనిషికి తెలిసినంతగా ఏ పటమూ చెప్పదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ పటాలు, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటాలు), హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమైన ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ ఉపగ్రహ చిత్రాలు రాతి రకానికీ, పాత వాగుల దారికీ బాగా పనికొస్తాయి కానీ ఇంటి స్థలమంత చిన్న వివరం వాటిలో దొరకదు.

మన ప్రాంతపు నేలల్లో దేనితో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

అందరూ నల్లరేగడి పేరే చెబుతారు. అది నిజంగానే నానితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, గోడ వెనక ఉంటే ఉబ్బిన ప్రతిసారీ గోడను కొద్దికొద్దిగా ముందుకు నెడుతుంది. అయితే నల్లరేగడి తన స్వభావాన్ని దాచుకోదు, చూడగానే జాగ్రత్తపడతాం. నన్ను ఎక్కువగా భయపెట్టేవి చూపుకు గట్టిగా కనిపించే నేలలు.

మొదటిది, గూడూరు, సైదాపురం ప్రాంతం నుంచి పడమటి మండలాల వైపు కనిపించే అభ్రకపు పొరల రాయి. ఇది పుస్తకంలో కాగితాల్లా పలచని పొరలుగా ఉంటుంది. ఆ పొరలు కొండలోపలికి వాలి ఉంటే భయం తక్కువ, మన స్థలం వైపు, అంటే చెక్కిన ముఖం వైపు వాలి ఉంటే పాదం నరికిన రోజే పై పొరకు ఆసరా పోతుంది. పొరల మధ్య కుళ్ళిన అభ్రకాన్ని వేళ్ళ మధ్య తీసుకుని ఒక చుక్క నీరు వేసి రుద్దితే సబ్బులా జారుతుంది, చేయి కడుక్కున్నా మెరుపు పోదు. ఆ జారుడే రేపు పెద్ద ఎత్తున జరిగేది. కాబట్టి ఇలాంటి చోట పొరల వాలు ఎటువైపు, ఎన్ని డిగ్రీలు అన్నది కొలిచి రాయని రిపోర్టు సగం రిపోర్టే. వెలికొండల్లో గట్టి క్వార్ట్‌జైటు రాతి మధ్య మెత్తని షేలు పొరలు వచ్చిన చోట, మార్కాపురం వైపు పలకరాయి ఉన్న చోట కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

రెండవది చౌడు కలిసిన బంకమట్టి. ఎండినప్పుడు గునపానికి కూడా లొంగనంత గట్టిగా ఉంటుంది. శనగగింజంత పెళ్ళను గాజు గ్లాసులోని డిస్టిల్డ్ వాటరులో కదపకుండా వేసి పది నిమిషాలు చూడండి. పెళ్ళ విడిపోయి కుప్పగా కూలితే అది మామూలు నానుడు. కానీ పెళ్ళ చుట్టూ పలచని పాలలాంటి మబ్బు పుట్టి గ్లాసు అడుగంతా పాకితే, ఆ మట్టి నీటిలో తనంతట తానే కరిగి కొట్టుకుపోయే రకం. గోడ వెనక ఇలాంటి మట్టి ఉంటే, నీరు పోవడానికి గోడలో వదిలే రంధ్రాల గుండా ప్రతి వానకూ కొంత మట్టి బయటికి పోతూ, లోపల బొరియలు ఏర్పడి, ఒకరోజు పైనున్న గచ్చు హఠాత్తుగా కుంగుతుంది. డిస్టిల్డ్ వాటరు అనే చెప్పాను, ఎందుకంటే మన బోరు నీటిలోని ఉప్పు ఆ మబ్బును పుట్టనివ్వదు, ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

మూడవది ఎవరో పోసిన మట్టి. దీని గురించి కింది సమాధానంలో చెబుతాను, ఎందుకంటే దానిని పట్టుకునేది గుంత ఒక్కటే.

జేసీబీతో ఒక గుంత తవ్వి చూస్తే చాలదా? బోరు కూడా వేయాలా?

రెండూ కావాలి, వాటి పని వేరు. గుంత పైపొరలను కళ్ళ ముందు ఉంచుతుంది, నేల నమూనాల కోసం వేసే బోరు (నీళ్ళ బోరు కాదు) లోతు సంగతి చెబుతుంది. ఒక్కటే చేయించగల స్తోమత ఉన్నప్పుడు, రెండు మీటర్ల లోపు గోడకైతే నేను జాగ్రత్తగా తవ్విన రెండు మూడు గుంతలకే ఓటు వేస్తాను.

ఉదయగిరి వైపు ఒక స్థలంలో తవ్వించిన గుంత నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉంది. పై మూడడుగులు ఎర్ర గరుసు, యజమాని దానిని చూపించి కొండ నేలే కదా అన్నారు. గుంత గోడను తాపీతో పలచగా చెక్కి శుభ్రం చేయగా ఆ ఎర్రమట్టిలో పాలప్యాకెట్ ముక్కలు, పెంకు ముక్కలు బయటపడ్డాయి. దాని కింద బెత్తెడు మందాన నల్లని పొర, అందులో కుళ్ళిన గడ్డి వేళ్ళు పడుకుని ఉన్నాయి. ఆ నల్లని పొరే ఒకప్పటి నేల పైభాగం. లేఅవుటు వేసినవారు గడ్డి కూడా గీకకుండా వాలు మీద మట్టి పోసి చదును చేశారు. మండు వేసవిలో కూడా ఆ పొర చేతికి చల్లగా, చెమ్మగా తగిలింది. పోసిన మట్టి అంతా ఆ గడ్డి పరుపు మీద కూర్చుని ఉంది, గోడ పునాదిని యజమాని అనుకున్నట్లు రెండున్నర అడుగుల లోతులో వేసి ఉంటే గోడ కూడా దాని మీదే కూర్చునేది. పునాదిని ఆ పొర దాటించి కింది గట్టి గరుసులోకి దింపవలసి వచ్చింది. బోరు వేసి ఉంటే బెత్తెడు పొర దొరికేది కాదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. ఒకటిన్నర మీటరు కన్నా లోతైన గుంతలోకి, పక్కలు ఆనించే చెక్కలు లేకుండా మనిషిని దింపకండి. వాలు పాదంలో, వానల రోజుల్లో గుంత తవ్వనే వద్దు, తవ్విన గుంతను చూడటం అయిన రోజే పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చండి. పరీక్ష కోసం తవ్విన గుంతే జారుడుకు కారణం కాకూడదు.

ఎన్ని చోట్ల, ఎంత లోతు చూడాలి?

వాలును నిలువుగా కోస్తే కనిపించే రూపం మనకు కావాలి కాబట్టి, గోడ పొడవునా నాలుగు బోర్లు వేయడం కన్నా గోడకు పైన ఒకటి, గోడ గీత మీద ఒకటి, గోడకు కింద ఒకటి ఒకే వరుసలో ఉండటం ఎక్కువ ఉపయోగం. కింద పక్కవారి స్థలం ఉంటే వారి అనుమతి అడగండి, ఆ గోడ పడితే మొదట పడేది వారి ఇంటి మీదే కాబట్టి సాధారణంగా కాదనరు. లోతు విషయంలో, తవ్విన మట్టం నుంచి కాకుండా గోడ పునాది అడుగు నుంచి కనీసం గోడ ఎత్తుకు సమానంగా, మెత్తని పొర తగిలితే దానిని పూర్తిగా దాటి గట్టి నేలలోకి మరో మూడు మీటర్ల దాకా వెళ్ళాలని ఇంజనీరుతో ముందే మాట్లాడుకోండి. ఈ పనికి దారి చూపే భారతీయ ప్రమాణం ఐఎస్ 1892.

‘ఎన్’ విలువ 50 దాటింది, బండ తగిలింది, ఇక చాలు అంటున్నారు. నమ్మవచ్చా?

బోరు వేస్తూ మధ్యమధ్య 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతూ నమూనా గొట్టాన్ని నేలలోకి దించుతారు. మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలను వదిలేసి, తరువాతి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బల సంఖ్యే ఎన్ విలువ. ఇసుక నేలలో 10 లోపు వస్తే వదులు, 30 దాటితే గట్టిదని చెప్పుకోవచ్చు. పద్ధతి ఐఎస్ 2131లో ఉంది.

ఈ పరీక్ష చదునైన పొలాల్లో బాగా నప్పుతుంది. కొండ పాదంలో మట్టి మధ్య గుండ్లు కూరుకుని ఉంటాయి. గొట్టం మొన ఒక గుండు మీద పడితే 50 దెబ్బలకు కూడా దిగదు, ‘రెఫ్యూజల్’ అని రాసి బోరు ఆపేస్తారు. ఆ గుండు కింద మళ్ళీ మెత్తని మట్టి ఉండవచ్చు. అది గుండా, తల్లిబండా అని తేల్చాలంటే డైమండ్ బిట్టుతో రాతిని కోస్తూ కనీసం మూడు మీటర్లు ముందుకు వెళ్ళి, వచ్చిన రాతి కడ్డీలను వరుసగా పెట్టెలో పేర్చి చూడాలి. రాతి కోతకు మీటరు ధర మట్టికన్నా బాగా ఎక్కువ కాబట్టి ఇక్కడే చాలామంది వెనకాడతారు. కానీ కొండ పాదపు స్థలంలో ఈ మూడు మీటర్లను మిగుల్చుకోవద్దని నా సలహా. నీళ్ళ కోసం వేసిన బోరులో దుమ్ముగా ఎగిరి వచ్చిన పొడిని చూసి నేలను నిర్ణయించడం అసలే కుదరదు, మెత్తని పొరలన్నీ ఆ గాలి ఒత్తిడిలో కలిసిపోయి ఉంటాయి.

ప్రయోగశాలలో ఏ పరీక్షలు అడగాలి?

నేలను వర్గీకరించడానికి రేణువుల పరిమాణం, ద్రవ, ప్లాస్టిక్ అవధులు (ఎంత తేమకు మట్టి ముద్దగా, ఎంత తేమకు జారుగా మారుతుందన్న కొలతలు), సహజ తేమ, సాంద్రత ఎలాగూ చేస్తారు. నల్లమట్టి ఉన్నచోట స్వేచ్ఛా ఉబ్బు సూచికను (నీటిలో మట్టి ఎంత ఉబ్బుతుందన్న కొలతను) అడగండి, 50 శాతం దాటితే ఆ మట్టిని గోడ దరిదాపులకు రానివ్వకూడదు. గోడకు అన్నిటికన్నా అవసరమైనది కోత బలం, అంటే మట్టి మీద మట్టి జారకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందన్న కొలత. దానికి షియర్ బాక్సు పరీక్ష, వీలైతే ట్రయాక్సియల్ పరీక్ష చేయించాలి. నమూనాను పూర్తిగా నానబెట్టి చేశారా లేదా అన్న ఒక్క ప్రశ్న వేయండి చాలు. ఎండిన బంకమట్టి చూపే బలం చాలావరకు ఎండిన తనం వల్ల వచ్చిందే, నానితే అది ఉండదు. ఇప్పటికే ఒకసారి జారిన వాలైతే ఆ జారిన పొరకు మొదటిసారి జారేముందు ఉన్న బలం మిగిలి ఉండదు. అక్కడ మిగులు బలం కొలవమని, లెక్కలో దానినే వాడమని స్పష్టంగా రాసి అడగండి.

నమూనా ఎలా చేరిందన్నది కూడా అంతే ముఖ్యం. ప్లాస్టిక్ సంచిలో కలిపి తెచ్చిన మట్టితో వర్గీకరణ చేయవచ్చు కానీ కోత బలం కొలిస్తే అది ఆ వాలు బలం కాదు. గుంత అడుగున మట్టిని అడుగు ఘనంగా చేత్తో చెక్కి, గుడ్డ చుట్టి, కరిగిన మైనం పూసి, గడ్డి పరిచిన పెట్టెలో ఆటోలో జాగ్రత్తగా తెచ్చిన నమూనాలు నేను చూశాను, వాటి ఫలితాల మీద నాకున్న నమ్మకం వేరు.

నీటి మట్టం ఎప్పుడు చూడాలి?

వీలైతే ఒక వానాకాలం పొడుగునా. బోరు వేసిన రోజు కనిపించిన నీటి మట్టం దాదాపుగా పనికిరాదు, ఎందుకంటే అందులో తవ్వడానికి పోసిన నీరే ఉండవచ్చు, బంకమట్టిలోనైతే నీరు ఊరడానికే రోజులు పడుతుంది. బోరు పూర్తయ్యాక దానిని పూడ్చేయకుండా, కింది భాగంలో సన్నని గాట్లు పెట్టి నైలాన్ జల్లెడ చుట్టిన పీవీసీ గొట్టాన్ని దించి, చుట్టూ ఇసుక పోసి, పై మీటరును బంకమట్టితో మూసి, మూత పెట్టించండి. తరువాత పని యజమానిదే. బరువు కట్టిన తాడు, ఒక నోటు పుస్తకం చాలు. వారానికి ఒకసారి, వాయుగుండం రోజుల్లో రోజుకు రెండుసార్లు ఎన్ని అడుగుల లోతులో నీరు తగిలిందో తేదీతో రాయండి. వాన ఆగిన గంటకు పెరిగిందా, రెండు రోజుల తరువాత పెరిగిందా అన్నది ఆ నీరు పైనుంచి దిగుతోందా, కొండలోపలి నుంచి వస్తోందా అని చెబుతుంది. ఒక గృహిణి రాసిన అలాంటి పుస్తకంలోని ఆరు వారాల అంకెలు ఒక గోడ రూపాన్నే మార్చాయి. స్వాతి కార్తెలో నాలుగు మీటర్ల లోతున ఉన్న నీరు విశాఖ కార్తె నాటికి మీటరున్నరకు వచ్చింది.

ఇంకుడు గుంత తవ్వించాలని అందరూ చెబుతున్నారు. వాలు మీద కూడా తవ్వించవచ్చా?

చదునైన ఊళ్ళో ఇంకుడు గుంత ఎంతో మేలు, దానిని నేను ప్రతిచోటా ప్రోత్సహిస్తాను. జారే వాలు మీద, గోడకు వెనకవైపు మాత్రం తవ్వించవద్దు. అది మనమే చేజేతులా గోడ వెనక నీటిని నింపడం అవుతుంది. ఇంటి పైకప్పు నీటిని మూసిన గొట్టంలో వాలు కిందికి దాటించి అక్కడ ఇంకించండి. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటికీ ఇదే నియమం, అది వాన లేని రోజుల్లో కూడా ఆగకుండా వస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. పై వీధిలో కారే కుళాయి గొట్టం కూడా ఏడాది పొడుగునా వానతో సమానం.

రిపోర్టు నిజంగా మా స్థలానిదేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఈ ప్రశ్న రాయడం నాకు బాధగానే ఉంది. మా దగ్గరి బంధువు ఒకరు కొండ పాదంలో స్థలం కొని, నేల పరీక్షకు డబ్బు కట్టి, వారం తరువాత అందంగా బైండు చేసిన రిపోర్టు తెచ్చి నాకు చూపించారు. మూడు బోర్లలోనూ ప్రతి ఒకటిన్నర మీటరుకూ ఎన్ విలువ క్రమం తప్పకుండా నాలుగు చొప్పున పెరుగుతూ పోయింది. నీటి మట్టం గడి ఖాళీగా ఉంది. ఆ స్థలానికి వెళ్ళి చూస్తే బోరు వేసిన గుర్తు ఒక్కటీ లేదు, మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టిన గుంటలు లేవు, చిందిన బురద లేదు, చిల్లచెట్ల కంప విరగలేదు. ఆ అంకెలతో కట్టే గోడ కింద ఆయన మనవలు ఆడుకుంటారని గుర్తుకు వచ్చినప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది.

కాబట్టి బోరు వేసే రోజు ఇంట్లోవారు ఎవరో ఒకరు అక్కడ ఉండండి. ప్రతి బోరు దగ్గరా తేదీ, లోతు రాసిన పలకను పెట్టించి ఫొటో తీయండి, రాతి కడ్డీల పెట్టెను ఫొటో తీయండి. బోర్ల స్థానాలు గీసిన పటం, ప్రతి బోరు లాగ్ (ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసిన పట్టిక), ప్రయోగశాల వర్క్‌షీట్లు రిపోర్టులో ఉండాలని ముందే రాయించుకోండి. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలలనూ, మట్టి పరీక్షల వసతి ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలనూ అడగవచ్చు. నిజమైన నేల అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అన్నీ సాఫీగా ఉన్న పట్టికను అనుమానించండి.

గోడ వెనక తవ్విన మట్టినే నింపవచ్చా?

పరీక్షలో అది ఇసుక, గరుసు కలిసిన నీరు నిలవని నేల అని తేలితే నింపవచ్చు. బంకమట్టి, నల్లమట్టి, చౌడు అయితే వద్దు. గోడను ఆనుకుని కనీసం అడుగు మందాన కంకర పొర, దానికీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది), అడుగున గాట్లున్న గొట్టం, గోడలో మూడు నాలుగు అంగుళాల రంధ్రాలు ఉండాలి. ప్లాస్టరింగ్ నునుపుగా రావాలని ఆ రంధ్రాలను సిమెంటుతో మూసేసిన గోడలు ఎన్నో చూశాను. దయచేసి పని అప్పగించుకునే ముందు ప్రతి రంధ్రంలోకి ఒక కడ్డీ దూర్చి చూడండి.

భూకంపాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలా?

తీసుకోవాలి. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఐఎస్ 1893 ప్రకారం భూకంప తోపుడును కలిపి లెక్క కట్టమని డిజైనరును అడగండి, నేల రిపోర్టులోని అంకెలే దానికీ సరిపోతాయి.

గోడ ఇప్పటికే ఉంది, కొద్దిగా ఒరిగింది. ఇప్పుడు పరీక్ష చేయించి లాభం ఉందా?

ఉంది, కానీ ముందు అది ఇంకా కదులుతోందా లేదా అన్నది తేలాలి. పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల చిన్న గాజు పలకలను సిమెంటుతో అతికించి తేదీ రాయండి. పలక పగిలితే కదలిక ఉన్నట్లే. గోడ పైఅంచు నుంచి మట్టగుండు వేలాడదీసి, కింద గోడకూ దారానికీ మధ్య దూరాన్ని వారం వారం కొలిచి రాయండి. మూసుకున్న నీటి రంధ్రాలు ఉంటే తెరిపించండి, పైనుంచి వచ్చే నీటిని మళ్ళించండి, గోడ వెనక పోసిన అదనపు మట్టి, ఇటుకలు, నీళ్ళ ట్యాంకులు తీయించండి. గోడ పాదం దగ్గర మాత్రం దేనికోసమూ తవ్వకండి. దన్నుగా ఇంకో గోడ కడదామని పాదం తవ్వగానే పాత గోడ కూలిన సందర్భాలు ఉన్నాయి.

ఎడతెరిపి లేని వానలో పగులు గంట గంటకూ వెడల్పు అవుతున్నా, ఎప్పుడూ తేటగా వచ్చే ఊట నీరు హఠాత్తుగా బురదగా మారినా, గోడ పొట్టలా ఉబ్బినా, కొలతలు పక్కన పెట్టి ఇంట్లోవారిని, కింది ఇంటివారిని వెంటనే ఖాళీ చేయించి 112కు ఫోన్ చేయండి. రాత్రి పూట అయితే తెల్లవారేదాకా ఆగవద్దు.

పరీక్ష చేశాక ఇక్కడ గోడ కట్టవద్దని రిపోర్టు చెబితే?

అలా చెప్పే రిపోర్టు అరుదు, చెబితే దానిని చదివినంత శ్రద్ధగా మరే రిపోర్టునూ చదవకండి. జారే పొర లోతుగా ఉన్నప్పుడు ఒకే ఎత్తైన గోడకు బదులు వాలును మెట్లు మెట్లుగా తగ్గించి రెండు మూడు పొట్టి గోడలు కట్టడం, ఇంటిని వాలు అంచు నుంచి వెనక్కు జరపడం, నీటిని లోతుగా తోడే కాలువలు వేయడం, రాతి తీగబుట్టల గోడలు పేర్చడం వంటి దారులు ఉంటాయి. కొండ ప్రాంతపు గోడల ఎంపికకు ఐఎస్ 14458 మొదటి భాగం చూడమని మీ ఇంజనీరుతో చెప్పండి. ఏ దారీ కుదరని స్థలాలు కూడా ఉంటాయి. స్థలం కొనడానికి ముందే, బయానా ఇచ్చే దశలోనే రెండు గుంతలు తవ్వించుకోనివ్వమని అమ్మేవారిని అడగండి, ఒప్పుకోకపోతే ఆ స్థలం గురించి మరొకసారి ఆలోచించండి.